ప్రాణం పోయిన యాక్సిడెంట్ కేసులో డ్రైవర్ రిమాండ్: సెక్షన్ నుంచి రిలీజ్ ఆర్డర్ దాకా

నార్కట్‌పల్లి దగ్గరో జడ్చర్ల దగ్గరో లారీ బైకును గుద్దింది. బైకు మీది మనిషి అక్కడే చనిపోయాడు. డ్రైవర్‌ను స్టేషన్‌లో కూర్చోబెట్టారని ఇంటికి ఫోన్ వచ్చింది. ఇంట్లోవాళ్లు మొదట అడిగేది "ఎంత ఖర్చవుతది సార్?" అని. దానికంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది: "ఏ సెక్షన్ పెట్టిండ్రు?" ఆ రాత్రి డ్రైవర్ ఇంటికి వస్తాడా, నెలల తరబడి నల్లగొండ జైల్లోనో మహబూబ్‌నగర్ జైల్లోనో ఉంటాడా అన్నది ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఎఫ్ఐఆర్ చదవండి

2024 జూలై 1 నుంచి జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ వర్తిస్తుంది. అంతకుముందు జరిగినవాటికి పాత ఐపీసీయే.

నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే బీఎన్ఎస్ 106(1). ఐదేళ్ల దాకా శిక్ష, జరిమానా ఉంటాయి. ఐపీసీలో ఇదే 304ఎ, అప్పుడు శిక్ష రెండేళ్లు. శిక్ష పెరిగినా ఇది ఇప్పటికీ బెయిలబుల్ నేరమే. అంటే బెయిల్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, డ్రైవర్ హక్కు. స్టేషన్‌లోనే ఇవ్వాలి. పక్కన 281 (ర్యాష్ డ్రైవింగ్), 125 (గాయాలు) కూడా రాస్తారు. అవీ బెయిలబులే. గాయపడిన మనిషి నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోతే 125 తీసి 106(1) పెడతారు. అప్పుడూ బెయిలబులే కాబట్టి కంగారు అక్కర్లేదు.

అసలు భయపడాల్సింది 105. హత్య కిందికి రాని ప్రాణహరణం ఇది. పాత ఐపీసీ 304కు కొత్త అంకె. ఇది నాన్ బెయిలబుల్, సెషన్స్ కోర్టు విచారించేది. ఉద్దేశంతో చేశాడంటే యావజ్జీవం దాకా, ప్రాణం పోతుందని తెలిసీ చేశాడంటే పదేళ్ల దాకా శిక్ష. డ్రైవర్ల మీద వాడేది ఎక్కువగా ఈ రెండో భాగమే. తాగి నడపడం, లైసెన్స్ లేకపోవడం, హైవే మీద రాంగ్ రూట్‌లో రావడం, పత్తి ఏరే కూలీలను ఆటోలో పరిమితికి రెండు మూడింతలు ఎక్కించడం వంటివి ఉంటే "తెలిసే చేశాడు" అని పోలీసులు 105 రాస్తారు. ముంబైలో 2006లో తాగి కారు నడిపి ఏడుగురి చావుకు కారణమైన కేసులో 304 రెండో భాగం కింద శిక్షను 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పోలీసులు చూపేది ఆ దారినే. అయితే తాగినంత మాత్రాన దానంతటదే 105 అయిపోదు. వేగం, చోటు, జనం ఉన్నారో లేదో, డ్రైవర్‌కు ఆ క్షణంలో ఏం తెలుసు అన్నవన్నీ చూడాలి. బెయిల్ వాదన కూడా ఈ చోటే మొదలవుతుంది.

ఇక 106(2): గుద్ది, చెప్పకుండా పారిపోతే పదేళ్లు. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేసింది దీనిమీదే. బీఎన్ఎస్ అమలు నోటిఫికేషన్‌లో ఈ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. విడిగా ఇంకో నోటిఫికేషన్ వస్తే తప్ప దానికింద కేసు నిలవదు. ఎవరైనా "పదేళ్ల కేసు, లక్షలు పెట్టాలి" అని బెదిరిస్తే ఎఫ్ఐఆర్‌లో ఏం రాసిందో చూపించమనండి. ఎఫ్ఐఆర్ కాపీ తెలంగాణ పోలీసుల వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. క్రైమ్ నంబర్, సంవత్సరం, స్టేషన్ పేరు ఉంటే చాలు.

మొదటి గంట

బండి ఆపాలి, గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవర్ మీద పెట్టిన బాధ్యతలు ఇవి. జనం మీదపడి కొట్టే పరిస్థితి ఉంటే అక్కడ ఆగనక్కర్లేదని అదే సెక్షన్ చెప్తుంది. ఊరి నడుమ ప్రమాదం జరిగితే జనం ఆగరు, ఆ భయం నిజమైనదే. అలాంటప్పుడు క్యాబిన్ దిగి పొలాల్లోకి పరుగెత్తి ఫోన్ స్విచాఫ్ చేయడం అన్నిటికంటే చెడ్డ పని. తర్వాత కోర్టులో "పారిపోయే మనిషి" అని చెప్పడానికి అదొక్కటి చాలు. 108కి, 112కి ఫోన్ చేసి, ఎక్కడ జరిగిందో, బండి నంబర్ ఏంటో చెప్పి, నేరుగా దగ్గరి స్టేషన్‌కు వెళ్లాలి. ఆ రెండు కాల్స్ వేళలతో సహా రికార్డులో ఉంటాయి. బెయిల్ పిటిషన్‌కు అంతకన్నా మంచి కాగితం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, 108 పది నిమిషాలు ముందొస్తే ఒక ప్రాణం దక్కొచ్చు.

బండిని కదిలించొద్దు. బ్రేకు ఫెయిలైందని చెప్పాలనుకుంటే క్రేన్‌తో లాగకముందే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) పరీక్ష చేయాలని ఎస్ఐకి రాతపూర్వకంగా ఇవ్వండి. బండిని స్టేషన్‌కు తోలుకొచ్చాక "యాంత్రిక లోపం లేదు" అని రిపోర్టు వస్తే మార్చడం కష్టం. స్థల పంచనామాలో టైరు గీతల పొడవు, లైట్లు ఉన్నాయా, రోడ్డు మీద ఏముంది అన్నవి ఎక్కించమని అడగండి. మిర్యాలగూడ, హాలియా వైపు కోతల కాలంలో సగం రోడ్డు దాకా వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. తెల్లారేసరికి కుప్ప ఎత్తేస్తే ఆ సంగతి పంచనామాలో ఉండదు. వెంటనే ఫోటోలు తీయించాలి.

65వ నంబర్ హైవే మీదైతే పంతంగి, కొర్లపహాడ్ టోల్‌ప్లాజాల సీసీ కెమెరాల్లో బండి దాటిన వేళ ఉంటుంది. రెండు చోట్ల వేళలు, మధ్య దూరం పెట్టి లెక్కేస్తే సగటు వేగం వస్తుంది. ఆ దృశ్యాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి. కాబట్టి భద్రపరచమని మొదటి వారంలోనే ఎస్ఐకి, మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టాలి. లారీ జీపీఎస్ రికార్డు ఓనర్ దగ్గర ఉంటుంది, దానికీ ఇదే మాట. డ్యాష్‌క్యామ్ ఉంటే కాపీ ఒకటి ఉంచుకుని కార్డును పంచనామా రాయించి అప్పగించండి. కార్డు తీసి దాస్తే సాక్ష్యం మాయం చేశాడని ఇంకో కేసు.

తాగాడన్న అనుమానం ఉంటే: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితేనే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. ఆ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరగాలి, లేదంటే ఆ అరెస్టు నుంచి వదలాలి. అందుకని అరెస్టు వేళ, రక్తం తీసిన వేళ రెండూ రాసుకోండి. తాగలేదనుకుంటే రక్తపరీక్ష చేయమని మీరే అడగండి. ఊదించిన మిషన్ అంకె ఒక్కదాని మీదే కేసు నడవకుండా అది కాపాడుతుంది.

106(1) అయితే స్టేషన్‌లో జరగాల్సింది

ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు చేయడానికి కారణం కావాలి, లేకుంటే నోటీసిచ్చి పంపాలి. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ఇప్పుడు ఆ నోటీసు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 35(3) కింద ఇస్తారు. పాతవాళ్లు ఇంకా "41ఎ నోటీసు" అనే అంటారు. నోటీసులో రాసిన తేదీకి తప్పకుండా హాజరు కావాలి. ఒక్కసారి ఎగ్గొట్టినా అరెస్టుకు అదే కారణమవుతుంది.

అరెస్టు చేసినా బీఎన్ఎస్ఎస్ 478వ సెక్షన్ కింద జమానతు తీసుకుని వదలాలి. జమానతు ఇచ్చేవాళ్లు లేక వారం దాటితే పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీదే వదలాలని ఆ సెక్షనే చెప్తుంది. 44వ నంబర్ హైవే మీద పట్టుబడే బీహార్, రాజస్థాన్ డ్రైవర్లకు ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. వాళ్లు జైల్లో ఉండిపోయేది నేరం పెద్దదై కాదు, ఈ వారం నిబంధనను కోర్టుకు చెప్పేవాళ్లు లేకనే. వేరే జిల్లావాడనో వేరే రాష్ట్రంవాడనో జమానతుదారును తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది.

106(1) కేసుకు ముందస్తు బెయిల్ పిటిషన్ వేయించి ఫీజు తీసుకునేవాళ్లున్నారు. బెయిలబుల్ నేరానికి ముందస్తు బెయిల్ ఉండదు. ఆ డబ్బు దండగ.

105 పడితే: మొదటి రోజు

అరెస్టు చేసిన 24 గంటల్లోపు, ప్రయాణ సమయం మినహాయించి, మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆదివారమైనా పండగైనా అంతే, మెజిస్ట్రేట్ ఇంటికి తీసుకెళ్తారు. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. సంతకం పెట్టేముందు మెమోలో వేళ చూడండి. పొద్దున పట్టుకుని సాయంత్రం అరెస్టు రాస్తే 24 గంటల లెక్క మారిపోతుంది. స్టేషన్‌కు తీసుకెళ్లిన వేళ తెలిసిన సాక్షులుంటే ఆ సంగతి లాయర్‌తో మెజిస్ట్రేట్‌కు చెప్పించాలి.

అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, డ్రైవర్‌కు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ముంబై వర్లీలో కారు గుద్ది ఒక మహిళ చనిపోయిన కేసులో 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇది అన్ని నేరాలకూ వర్తిస్తుందని తేల్చింది. అప్పటికప్పుడు రాసివ్వలేని పరిస్థితి ఉంటే నోటితో చెప్పి, రిమాండ్‌కు కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికివ్వాలి. మన డ్రైవర్‌కు ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటే ఆ షరతు నెరవేరినట్టు కాదు. మెజిస్ట్రేట్ "ఎందుకు అరెస్టు చేశారో చెప్పారా?" అని అడిగినప్పుడు చాలామంది భయంతో తలూపుతారు. కాగితం అందకపోతే అందలేదని చెప్పాలి. జనం కొట్టినా, స్టేషన్‌లో కొట్టినా అక్కడే చెప్పాలి. జైలు గేటు దగ్గరి వైద్య పరీక్షలో కూడా దెబ్బలు రాయించాలి.

రిమాండ్ వేళ లాయర్ చేయాల్సిన వాదన ఒక్కటే: రిమాండ్ రిపోర్టులో రాసినవన్నీ నిజమనుకున్నా 106(1) దాటవు, 105 చెల్లదు. ఒప్పుకుంటే అక్కడే బెయిల్. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు 15100 మీద ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ హక్కు ఉంది.

స్టేషన్‌లో తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. నేరం ఒప్పుకున్నట్టు పోలీసులు రాసుకున్న వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా నిలవదు. అది ఇప్పటికే రాయించుకున్నారని ఇంట్లోవాళ్లు కుంగిపోనక్కర్లేదు.

సెషన్స్ కోర్టులో బెయిల్ పిటిషన్

105లో యావజ్జీవం కూడా ఉంది కాబట్టి మెజిస్ట్రేట్ చాలావరకు బెయిల్ ఇవ్వరు. బీఎన్ఎస్ఎస్ 483వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టుకు వెళ్లాలి. 2022 జూన్ నుంచి సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటలకు సొంత జిల్లా కోర్టులు ఉన్నాయి. ప్రమాదం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందో చూసి ఆ జిల్లా కోర్టులోనే వేయాలి. కొండమల్లేపల్లి ప్రమాదానికి మహబూబ్‌నగర్‌లో లాయర్‌ను మాట్లాడి రెండు రోజులు పోగొట్టుకోవద్దు. పిటిషన్ వేశాక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు నోటీసు, పోలీసుల కౌంటర్ (జవాబు), ఆ తర్వాత వాదన. ఇక్కడ కొట్టేస్తే హైకోర్టు.

పిటిషన్‌లో "అమాయకుడు, పేదవాడు" అని పేజీలు నింపితే లాభం లేదు. కోర్టు చూసేది మూడే: పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, దర్యాప్తుకు ఇంకా అతని అవసరం ఉందా. కాబట్టి పెట్టాల్సిన కాగితాలు ఇవి: ఆధార్, రేషన్ కార్డు, చెల్లుబాటులో ఉన్న లైసెన్స్ (హెవీ బండికి హెవీ లైసెన్సే ఉండాలి), 108, 112 కాల్ వివరాలు, తానే స్టేషన్‌కు వచ్చిన రుజువు, పాత కేసులు లేవన్న మాట. పోస్టుమార్టం అయిందా, ఎంవీఐ చూశాడా, రక్తం ల్యాబుకు వెళ్లిందా, సాక్షుల వాంగ్మూలాలు అయ్యాయా అన్నవి తేదీలతో రాయాలి. ఇవన్నీ అయ్యాక మనిషిని లోపల ఉంచి దర్యాప్తుకు వచ్చేదేమీ ఉండదు. మొదటి రెండు రోజుల్లోనే పిటిషన్ వేసి ఇవేవీ కాకముందే కొట్టించుకోవడం కంటే, నాలుగైదు రోజులు ఆగి ఈ వివరాలతో వేయడం మేలు.

జమానతు దగ్గరే ఆగిపోతుంది

బెయిల్ వచ్చిందని మిఠాయి పంచి, జమానతుదారులు లేక పది రోజులు లోపలే ఉన్నవాళ్లు ఎంతోమంది. పిటిషన్ వేసిన రోజునుంచే ఇద్దరిని సిద్ధం చేసుకోండి. ఊళ్లో సొంత ఇల్లుంటే పంచాయతీ ఇచ్చే ఇంటి విలువ ధ్రువపత్రం, ఈ ఏటి ఇంటి పన్ను రసీదు, భూమి ఉంటే పట్టాదారు పాసుబుక్కు, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్, అందరికీ ఆధార్, ఫోటోలు. ఇంతకుముందు ఇంకెవరికైనా జమానతు ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పాలి, ఆ ప్రకటన మీద సంతకం కూడా పెట్టాలి. ఇంటి పన్ను రసీదు తండ్రి పేరు మీద ఉండి కొడుకు జమానతుకు వస్తే కోర్టు తిప్పి పంపుతుంది. ఎక్కువగా జరిగే తప్పు ఇదే. కోర్టు గేటు దగ్గర డబ్బు తీసుకుని జమానతు ఇచ్చేవాళ్లను నమ్మొద్దు. దొంగ కాగితాలని తేలితే బెయిల్ పోయి, కొత్త కేసు వస్తుంది.

రిలీజ్ ఆర్డర్‌లో పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబర్, సెక్షన్లు జైలు రికార్డుతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. జైలు వారంటులో ఉన్నవాటికంటే సెక్షన్ ఒక్కటి ఎక్కువున్నా, తక్కువున్నా గేటు తెరుచుకోదు. ఆర్డర్ చేతికి రాగానే అక్కడే చదివి, తప్పుంటే అప్పుడే సరిచేయించండి. సాయంత్రం లాకప్ వేళ దాటి చేరితే ఇంకో రాత్రి లోపలే.

బెయిల్ ఆర్డర్ కాపీని ఆ రోజు గానీ మర్నాడు గానీ జైలుకు మెయిల్ చేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోపు జమానతు కట్టలేకపోతే షరతు తగ్గించే విషయం కోర్టు తానే చూడొచ్చు. జమానతు మొత్తం ఎక్కువనిపిస్తే తగ్గించమని పిటిషన్ వేయడానికి సిగ్గుపడాల్సింది లేదు.

90 రోజుల లెక్క

పోలీసులు ఛార్జిషీటు వేయకుండా గడువు దాటిస్తే బీఎన్ఎస్ఎస్ 187(3) కింద బెయిల్ హక్కుగా వస్తుంది. 105లో యావజ్జీవం ఉన్నందున ఆ గడువును 90 రోజులుగా లెక్కేస్తారు. మొదటి రిమాండ్ తేదీని కూడా కలిపి లెక్కించాలి. మార్చి 1న రిమాండ్ అయితే 90వ రోజు మే 29. మే 30న కోర్టు తెరిచే వేళకు పిటిషన్ చేతిలో ఉండాలి. అడగకపోతే హక్కు నిలవదు. మీరు మే 31న వెళ్లేసరికి 30నే ఛార్జిషీటు పడితే చేసేదేమీ లేదు.

చేయకూడని రెండు పనులు

మొదటిది, లైసెన్స్ ఉన్న ఇంకో డ్రైవర్‌ను ఓనర్ చూపించి "ఇతనే నడిపిండు" అనిపించడం. టోల్ కెమెరాలో ముఖం కనబడుతుంది, ఫోన్ టవర్ పట్టిస్తుంది. అసలు డ్రైవర్, మారు డ్రైవర్, ఓనర్ ముగ్గురూ బీఎన్ఎస్ 238వ సెక్షన్‌లో ఇరుక్కుంటారు. బీమా కంపెనీ కూడా చేతులెత్తేస్తుంది. చివరికి నష్టపోయేది చనిపోయినవాళ్ల పిల్లలు.

రెండోది, ఊరి పెద్దల ముందు డబ్బిచ్చి రాజీ కాగితం రాయించుకుని కేసు అయిపోయిందనుకోవడం. 106(1), 105 రెండూ రాజీకి వీలుకాని నేరాలు. కాగితం ఉన్నా కేసు నడుస్తుంది. చనిపోయినవాళ్ల ఇంటికి సాయం చేయాలనుకుంటే చేయాల్సిందే, కానీ దాన్ని సాక్ష్యం మార్చడానికి బేరంగా పెట్టొద్దు. బెయిల్ రద్దయ్యేది అలాంటప్పుడే. వాళ్లకు నిజంగా ఉపయోగపడేది బీమా వివరాలు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు డ్రైవర్, ఓనర్ తమ తమ ఫారాలు నింపి పోలీసులకు ఇవ్వాలి. పాలసీ, ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్ కాపీలు జతచేయాలి. అవి అందితే పోలీసుల వివరమైన నివేదిక 90 రోజుల్లో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు చేరుతుంది. బాధితులు నష్టపరిహారం కోసం ఆరు నెలల్లోపు దరఖాస్తు చేసుకోవాలి. ఆ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

బయటికి వచ్చాక

105 బెయిల్‌లో వారానికోసారి స్టేషన్‌లో సంతకం అనే షరతు మామూలు. బెంగళూరు లోడు ఎక్కిన డ్రైవర్ ఆ రోజుకు తిరిగి రాలేడు. రెండు వారాలు సంతకం లేకపోతే రద్దు పిటిషన్ పడుతుంది. ఛార్జిషీటు పడ్డాక నెలకోసారికి మార్చమని సడలింపు పిటిషన్ వేయండి, ముందే మానేయొద్దు.

106(1)లో స్టేషన్ బెయిల్ తీసుకున్నాక కేసును 105కు మార్చుతూ పోలీసులు కోర్టులో ఆల్టరేషన్ మెమో వేయొచ్చు. పాత బెయిల్ కొత్త సెక్షన్‌కు పనిచేయదు. మెమో పడిందని తెలియగానే సెషన్స్‌లో బీఎన్ఎస్ఎస్ 482 కింద ముందస్తు బెయిల్ వేయాలి, లేదా లొంగిపోయి బెయిల్ అడగాలి. స్టేషన్ బెయిల్ వచ్చిన మొదటి నెల కోర్టు రికార్డును వారానికోసారి లాయర్‌తో చూపించుకుంటూ ఉండండి.

ఏడాదికో రెండేళ్లకో సమన్లు వస్తాయి, అవి పాత అడ్రసుకు పోతాయి. డ్రైవర్ ఏ మహారాష్ట్రలోనో ఉంటాడు, వాయిదాకు రాడు, నాన్ బెయిలబుల్ వారంటు పడుతుంది, జమానతుదారులకు నోటీసు వెళ్తుంది. బెయిలబుల్ కేసులో దర్జాగా ఇంటికొచ్చిన మనిషి జైలుకు వెళ్లేది ఎక్కువగా ఈ దారిలోనే. అడ్రసు, ఫోన్ మారితే కోర్టుకు రాతపూర్వకంగా తెలపండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబర్ కొట్టి వాయిదా తేదీ చూసుకోండి. రాలేని రోజు లాయర్‌తో గైర్హాజరు పిటిషన్ వేయించండి. వారంటు పడిందని తెలిస్తే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా, కోర్టు పనిదినాన పొద్దున్నే జమానతుదారులను వెంటబెట్టుకుని వెళ్లి వారంటు రద్దు కోసం రీకాల్ పిటిషన్ వేయాలి.